ఊపిరి లేని బొమ్మ

కూతురు తీసిన బొమ్మల సినిమాలో మొదటి తప్పు మూడో సెకనులోనే దొరికింది. సున్నాలాయన కుర్చీ ముందుకు లాక్కుని "ఆపు" అన్నాడు.

కూతురు ఆపింది.

"మంచానికి కాళ్ళెన్ని?"

"నాలుగు."

"నువ్వు వేసింది మూడు."

"నాలుగోది గోడ నీడలో ఉంది నాన్నా."

"నీడలో ఉంటే నీడలో ఉన్న కాలు వెయ్యాలి. చూసే ప్రతివాడి పక్కనా కూచుని చెబుతావా, నీడలో ఉంది బాబూ అని?"

ఒళ్ళో ఉన్న చీటీల పుస్తకం తెరిచి ఎర్ర పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పనిచేసిన బొమ్మల స్టూడియోది. స్టూడియో మూతపడ్డ రోజు మిగతావాళ్ళు కుర్చీలూ దీపాలూ పట్టుకుపోతే ఆయన రెండు డజన్ల చీటీల పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక్కో చీటీకి మూడు గడులు. ఫ్రేము, తప్పు, ఎవరిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన చెకర్. ఆర్టిస్టులు గీసిన కాగితాలు కెమెరా కిందికి వెళ్ళేముందు ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఐదేసి కాగితాలు వేళ్ళ సందుల్లో పెట్టుకుని రెపరెపలాడించి, తేడా కనిపించిన చోట ఎర్ర సున్నా చుట్టేవాడు. ఆ పేరు అక్కడిదే. "పెళ్ళాం నవ్వినా పళ్ళు లెక్కపెడతాడు" అని వెనకాల అనుకునేవాళ్ళు. ఆయనకి తెలుసు. అది తిట్టని ఎప్పుడూ అనుకోలేదు.

"ముందు మొత్తం చూడు నాన్నా. మూడు నిమిషాలే. తర్వాత రాద్దువుగాని."

"మొత్తం చూస్తే కథలో పడతాం. కథలో పడ్డవాడికి తప్పు కనిపించదు."

కూతురికి ముప్ఫై నాలుగేళ్ళు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా "ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఆఁ, వదలండి" అని ముక్కూ మొహం తెలియని వాళ్ళకి చెబుతుంది. సెలవు రోజుల్లోనూ తెల్లవారుజామునా కూచుని పద్నాలుగు నెలలుగా ఈ సినిమా చేసింది. పక్క గదిలోనే చేసింది. ఆయన ఏం చేస్తున్నావని అడగలేదు, ఆమె చెప్పలేదు. భయపెట్టే సినిమా అని మాత్రం ఇవాళ చెప్పింది. ఆదివారం పొద్దున వీధి చివరి గ్రంథాలయంలో ఇలాంటి ఔత్సాహికుల సినిమాలు వేస్తారు. ప్రతి సినిమాతో పాటు, పని తెలిసిన మనిషి చేత ఒక అభిప్రాయ పత్రం నింపించి ఇవ్వాలన్నది అక్కడి నియమం. బాగున్నవి మూడు, బాగుచేసుకోవాల్సినవి మూడు.

ఆ కాగితం ఆయన ముందు పెట్టి "నువ్వే రాయాలి" అంది.

"బాగున్నవి అని గడి ఎందుకు?"

"చేసినవాళ్ళకి కాస్త ధైర్యంగా ఉంటుందని."

"మా చీటీలో ఆ గడి లేదు. బాగున్నదాని జోలికి పోకపోవడమే మెప్పు."

"తెలుసులే. అన్నేళ్ళు అమ్మ తిన్న మెప్పు అదేగా" అంటూ సినిమా మళ్ళీ నడిపించింది.

ఒక గది. కిటికీ పక్కన మంచం. మంచం మీద దుప్పటి కప్పుకున్న ఆడమనిషి, ముఖం సగమే కనిపిస్తోంది. దుప్పటి లేస్తోంది, పడుతోంది. గదికి అవతలి కొసన అద్దపు బల్ల, అద్దం కింద దీపం. బల్ల ముందు మనకి వీపు పెట్టి ఏదో కూచుని ఉంది. మనిషంత ఉంది, మనిషి కాదు. కుర్చీకి తగిలించిన తడి కోటులా ఉంది. దాని చెయ్యి ఒక్కటే కదులుతోంది. మాటలు లేవు, సంగీతం లేదు. కాగితం మీద పెన్సిల్ గీరే చప్పుడు.

ఆడమనిషి చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికి వచ్చింది. ఆ వీపు వైపు సాగింది. ఉండాల్సిన పొడుగు దాటి, మంచం దాటి, గది సగం దాటి సాగింది. వీపుకి జానెడు దూరంలో ఆగి, నేల మీద వాలిపోయింది. దుప్పటి లేవడం మానేసింది. పెన్సిల్ మానలేదు. నిమిషం పైగా గీరుతూనే ఉంది. అప్పుడు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మందుల సంచితో ఒక పిల్ల. కూచున్నది ఇటు తిరిగింది. దానికి ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్ల కాగితం, కాగితం అడుగున మూడు చిల్లులు.

తెర నల్లబడింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కూతురు తెర వైపు చూడటం లేదు, ఆయన ముఖం వైపు చూస్తోంది.

ఆయన తెర వైపు వేలు చూపించాడు. "ఆ చిల్లులు."

"ఏ చిల్లులు?"

"కాగితానివి. మూడూ గుండ్రంగా వేశావు. నడిమిది ఒక్కటే గుండ్రం. అటూ ఇటూ ఉన్నవి కోలగా ఉండాలి. అలా ఉంటేనే కాగితం మేకుల మీద కదలకుండా కూచుంటుంది. పుట్టినప్పటినుంచి ఇంట్లో చూస్తూ కూడా—"

"నీకు కనిపించింది చిల్లులేనా నాన్నా?"

"పని తెలిసినవాడికి కనిపించేది అదే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఆయన భుజాలు తడుముకోలేదు. గుమ్మడికాయకి తొడిమ వంకరగా ఉందన్నాడు.

మర్నాడు కూతురు డ్యూటీకి వెళ్ళాక ఆయన కంప్యూటర్ ముందు కూచున్నాడు. మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేము కదుపుకోవడం ఆమె నేర్పి వెళ్ళింది. తెర కింది మూల ఫ్రేము అంకె మారుతూ ఉంటుంది. మొత్తం నాలుగువేల మూడు వందల ఇరవై. వేళ్ళ సందుల్లో కాగితం లేకపోవడం మొదట వెలితిగా అనిపించింది. గంట గడిచేసరికి అదీ పోయింది. కన్నూ పెన్సిలూ పాత దారిలో పడ్డాయి.

బల్ల మీది దీపం కాంతి దుప్పటి అంచు మీద పడాలి, పడలేదు. కిటికీ రెక్క నూట నలభై నుంచి నూట అరవై దాకా ఒక గీత పక్కకి జరిగింది. ఆడమనిషి చేతికి చూపుడు వేలు, నడిమి వేలు ఒకే పొడుగు. సాగుతున్న చెయ్యి మణికట్టు దగ్గర ఆగి మళ్ళీ కదిలింది, ఆ ఆగడానికి కారణం లేదు. కూచున్నదాని ఎడమ భుజం కుడి భుజం కంటే దిగి ఉంది, దానికీ కారణం లేదు. ఆ చివరిది రాస్తున్నప్పుడు పెన్సిల్ ఒక క్షణం నిలిచింది. ఆయన చొక్కాలు కుట్టే దర్జీ ఎడమ భుజంలో ఎప్పుడూ ఒక మడత ఎక్కువ గుడ్డ పెడతాడు. ఆయన రాయడం పూర్తిచేసి చీటీ తిప్పాడు.

ఆ కంప్యూటర్ ఉన్న చోట రెండేళ్ళ క్రితం మంచం ఉండేది. నాపరాళ్ళ మీద నాలుగు కాళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆయన కుర్చీ కాలు ఒకటి ఆ గుర్తుల్లో ఒకదాని మీద ఉంది. చూసి, కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

మధ్యాహ్నం రెండువేల నూట పదమూడో ఫ్రేముకి వచ్చాడు. దుప్పటి పడింది. మీట నొక్కాడు. లేవలేదు. మళ్ళీ నొక్కాడు. పది ఫ్రేములు, ఇరవై, వంద. బొమ్మ అలాగే ఉంది. ఇది కొత్తగా చేరినవాళ్ళు చేసే పెద్ద తప్పు. బొమ్మని ఎనిమిది ఫ్రేములకి మించి కదలకుండా నిలబెడితే అది ఇక మనిషి కాదు, కాగితం. చూసేవాడి కన్ను ఆ మూడో వంతు సెకనులోనే పసిగడుతుంది. అందుకే నిలబెట్టిన బొమ్మకి కూడా రెప్ప అల్లాడించాలి, జుట్టు కదపాలి, ఏమీ లేకపోతే ఊపిరి పెట్టాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ మాట కొన్ని వందల చీటీల మీద రాసి ఉంటాడు.

రాశాడు. 2113. ఊపిరి లేదు. తలుపు తెరిచేదాకా పెట్టాలి.

ఎవరిది అన్న గడిలో 'ఆర్టిస్టు' అని రాశాడు.

సాయంత్రం కూతురు వచ్చేసరికి ముప్ఫై ఎనిమిది చీటీలు దారానికి గుచ్చి ఉన్నాయి. ఆమె చేతులు కడుక్కుని, నిలబడే ఒక్కోటీ చదివింది. ఆయన టీ కాచాడు. చీటీలు ఇచ్చిన రోజు టీ తానే కాచడం స్టూడియోలో ఆయన అలవాటు. ఆర్టిస్టులు దాన్ని "ఉరితీసేముందు అడిగే ఆఖరి కోరిక" అనేవాళ్ళు.

"మంచం కాలు సరే" అంది. "వేళ్ళు సరే. కిటికీ నిజమే, నాకు కనిపించనే లేదు. ఇదేంటి, ఊపిరి?"

"కదలకుండా పెడితే బొమ్మ చచ్చిపోతుంది."

"చచ్చిపోవాలనే కదా."

"ఎప్పుడు చచ్చిపోవాలి? తలుపు తెరుచుకున్నాక. అప్పటిదాకా ఊపిరి లేకపోతే ఆ పిల్ల రావడానికి అర్థమేముంది? వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

కూతురు గ్లాసు కింద పెట్టింది. "ఆ పిల్లకి అదే కదా నాన్నా."

అంతలో ఫోను మోగింది. కూతురి పెద్దమ్మ. ఆయన భార్యకి అక్క, ఆయనకి వదిన. చెవి సరిగ్గా వినపడదు కాబట్టి అవతలివాళ్ళకీ వినపడదనుకుని అరుస్తుంది. గదంతా వినిపించింది.

"మరిదిగారూ, మన ఆలస్యం ఇల్లు చేరిందా?"

"చేరింది వదినా."

"ఆదివారం సినిమా ఏదో వేస్తోందటగా. ఎన్నింటికి? దానితో పాటు బయల్దేరితే అయిపోయాక చేరతాం, నేను ముందే వస్తాను."

తన మాటకి తానే నవ్వింది. రెండేళ్ళుగా పెద్దమ్మ ఇంట్లో కూతురికి అదే పేరు. ఆలస్యం. తల్లి పోయిన రోజు కూతురు మందుతో మూడింటికి రావాలి. మూడూ నలభైకి వచ్చింది. 'నలభై నిమిషాల ముందు వచ్చుంటే మనిషి దక్కేది' అని, వచ్చిన ప్రతి చుట్టంతోనూ చెప్పింది సున్నాలాయనే. ఒకసారి చెప్పాడు. మిగతాది చుట్టాలు చూసుకున్నారు. మొదట ఏడుస్తూ అన్నారు, తర్వాత నిష్ఠూరంగా, ఆ తర్వాత ముద్దుపేరులా. ఏడ్చేవాళ్ళకి ఎదురు చెప్పొచ్చు. నవ్వేవాళ్ళకి ఏం చెబుతాం?

ఫోను పెట్టేసి ఆయన "పదకొండింటికటగా" అన్నాడు.

"పదకొండింటికే." కూతురు చీటీల దారం చేతికి చుట్టుకుంది. "ఈ ఊపిరి సంగతి ఇంకోసారి ఆలోచించు నాన్నా. ఉత్త మాటగా అన్నావా, నిజంగానేనా?"

"నోటిమాట చెల్లదు. కాగితం మీద పడ్డదే లెక్క. పడింది."

"సరే. చూసినవాడివి నువ్వు" అంది. ఏం చూసినవాడో చెప్పలేదు.

రెండు రోజులు తెల్లవారుజామున పక్క గదిలో మీటల చప్పుడు వినిపించింది. ఒకసారి తలుపు సందులోంచి చూశాడు. తెర మీద దుప్పటి గీత ఒకటే ఉంది. దాన్ని వెంట్రుకవాసి పైకి జరిపి, ఆగి, మళ్ళీ వెంట్రుకవాసి జరుపుతోంది. మోచేతులు బల్లకి ఆనించి, తల ఎడమవైపు వాల్చి. కూచునే తీరు ఆయనదే. మెచ్చుకోదగ్గ ఓపిక. ఆ మాట నోటిదాకా వచ్చింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం కూతురు సెలవు పెట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుందనగా "రా నాన్నా" అని పిలిచింది. ఆయన చీటీల పుస్తకంతో వచ్చి కూచున్నాడు. ఈసారి ఆపమనలేదు.

మంచానికి నాలుగు కాళ్ళు. కిటికీ రెక్క కదల్లేదు. చెయ్యి ఎక్కడా తడబడకుండా సాగింది. నేల మీద వాలింది. దుప్పటి లేచింది. పడింది. లేచింది. పెన్సిల్ గీరుతోంది, దుప్పటి లేచి పడుతోంది. నిమిషం పైగా అలాగే. చూస్తుంటే, ఎవరైనా వస్తే ఈ మనిషి బతుకుతుంది అనిపిస్తోంది. ఎవరూ రావడం లేదు. రావాల్సినవాళ్ళు ఎక్కడున్నారో! తలుపు తెరుచుకుంది. సరిగ్గా ఆ ఫ్రేములో దుప్పటి పడి, ఇక లేవలేదు. గుమ్మంలో మందుల సంచితో పిల్ల. ఆలస్యంగా వచ్చిన పిల్ల.

కూచున్నది ఇటు తిరిగింది. చిల్లులు నడిమిది గుండ్రం, పక్కవి కోల. దాన్ని చూస్తే ఇప్పుడు భయం వెయ్యలేదు. దాని తప్పు ఏముంది? అది దాని పని చేసుకుంటోంది.

ఆయన ఎడమ చెయ్యి బల్ల అంచు మీద ఉంది. బొటనవేలు తనంతట తానే కదిలింది, కాగితాల కట్ట అంచు లెక్కపెడుతున్నట్టు. పదకొండు దగ్గర ఆగింది.

రెండేళ్ళ క్రితం ఆ మధ్యాహ్నం, స్టూడియో ఇంకా నడుస్తున్న రోజుల్లో, పని ఇంటికి తెచ్చుకున్న కట్టలో మిగిలినవి పదకొండు. నాలుగింటికి స్టూడియో మనిషి వచ్చి పట్టుకుపోవాలి. పాడు కట్ట, ఒక్కో కాగితం పది నిమిషాలు తింటోంది. పెన్సిల్ ముక్కు విరిగితే చెక్కుకోవడానికి పక్కకి తిరిగాడు. వెనక మంచం మీద భార్య కప్పుకున్న దుప్పటి కంటపడింది. ఎనిమిది ఫ్రేములు చాలు ఆ కంటికి. దుప్పటి లేవలేదు. ఆయన చూశాడు. ఆగి ఇంకా చూశాడు. నిద్ర పట్టింది కాబోలు అనుకున్నాడు. అనుకోవడానికి కాస్త కష్టపడ్డాడు కూడా. లేచి వెళ్ళి చూస్తే ఇక ఆ రోజు కాగితాలుండవు, కేకలుంటాయి, మనుషులుంటారు. పెన్సిల్ చెక్కుకుని ఇటు తిరిగాడు. ఆఖరి కాగితం మీద సున్నా చుడుతుండగా తలుపు తెరుచుకుంది.

"తప్పులేమైనా ఉన్నాయా?" అంది కూతురు.

"లేవు."

"ఆ రోజు నేను అమ్మ దవడ పట్టుకుని చూశాను నాన్నా. బిగుసుకుపోయి ఉంది. అలా అవడానికి రెండు గంటలు అటూఇటూగా పడుతుంది. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఆ మాత్రం తెలుసు. మూడింటికి వచ్చినా అంతే. రెండింటికి వచ్చినా అంతే."

ఆయన తెర వైపే చూస్తున్నాడు. తెర మీద ఏమీ లేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నువ్వు చెబుతావేమోనని చూశాను. పెద్దకర్మ దాకా చూశాను. ఏడాది దాకా చూశాను. తర్వాత బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను." ఆమె సంచిలోంచి సినిమా ఎక్కించిన రెండు చిన్న డబ్బీలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మొదట చేసింది. ఇది నువ్వు దిద్దించింది. ఐదింటికి గ్రంథాలయంలో ఒకటి ఇవ్వాలి. ఆ గదిలో ఉన్నవాడివి నువ్వొక్కడివే. నేను గుమ్మంలో ఉన్నదాన్ని, నేను వేసింది ఊహ. నీకు తెలియలేదంటే నేను నమ్ముతాను. ఏది ఇవ్వమంటావో చెప్పు."

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళాడు. కింద వీధిలో ఎవరో సైకిల్ చెయిన్ వేసుకుంటున్నారు. అది మూడుసార్లు జారింది. ఆయన నాలుగోసారి దాకా చూశాడు.

"ఆదివారం వదిన కూడా వస్తుంది" అన్నాడు.

"వస్తుంది. అందుకే అడుగుతున్నాను."

"దిద్దిందే ఇవ్వు."

కూతురు ఒక డబ్బీ సొరుగులో వేసి, ఒకటి సంచిలో పెట్టుకుంది. అభిప్రాయ పత్రం తీసుకుంది. బాగుచేసుకోవాల్సినవి అన్న గడిలో 'చీటీలు 38, జతచేయడమైనది' అని ఆయన రాత ఉంది. బాగున్నవి అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇది?"

"ఉండనీ."

ఐదింటిదాకా ఆగాల్సిన పని లేదని అప్పుడే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం గ్రంథాలయం పై అంతస్తులో ముప్ఫై కుర్చీలు వేశారు. కిటికీలకి నల్ల గుడ్డ కట్టారు, పైనుంచి వెలుతురు కారుతూనే ఉంది. పెద్దమ్మ పది గంటలకే వచ్చి రెండో వరసలో కూచుని, చేతిసంచి పక్క కుర్చీలో పెట్టి సున్నాలాయనకి చోటు పట్టింది. కూతురు గోడవార నిలబడింది.

ఐదో సినిమా ఆమెది. గ్రంథాలయం చూసే ఆయన మర్యాదస్థుడు, ప్రతి సినిమాకి ముందూ అభిప్రాయ పత్రం చదువుతున్నాడు. "బాగున్నవి..." అని ఆగాడు. కాగితం తిప్పి చూశాడు. "రాయలేదు. బాగుచేసుకోవాల్సినవి, ముప్ఫై ఎనిమిది."

హాలంతా గొల్లున నవ్వింది. "రాసిందెవరండీ, మామగారా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కూతురు కూడా కాస్త నవ్వింది. నవ్వకపోతే బాగుండదు గనక.

సినిమా మొదలయ్యాక నవ్వులు ఆగిపోయాయి. చెయ్యి సాగుతుంటే ముందు వరసలో ఒకామె "అమ్మో" అంది. నేల మీద వాలగానే అందరూ దుప్పటి వైపు చూశారు. దుప్పటి లేచింది. హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి, మనుషులు వెనక్కి ఆనుకున్నారు. బతికే ఉంది. ఆ నిమిషంలో ఎవరో దగ్గారు, ఎవరో గడియారం చూసుకున్నారు. భయపెట్టే సినిమాలో భయం అక్కడే పోయింది. సున్నాలాయనకి అది వీపు మీద తెలుస్తూనే ఉంది. పని తప్పిన చోటు ఆయనకి ఎప్పుడూ తెలుస్తుంది.

మర్యాదకి చప్పట్లు కొట్టారు. దీపాలు వేశారు. పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, కళ్ళూ తుడుచుకుంది.

"పోనీలే మరిదిగారూ" అంది, గదంతా వినపడేలా. "ఇన్నాళ్ళకి ఒప్పుకుంది. బొమ్మలేసి అయినా ఒప్పుకుంది. తలుపు తీసేదాకా ఊపిరి ఉంది, చూశారుగా? నేను మొదటినుంచీ అదే అంటున్నాను. ఒసేయ్ ఆలస్యం, ఇలా రావే. ఏడవకు. మేమెవరమూ నిన్ను తప్పుపట్టడం లేదు."

కూతురు ఏడవడం లేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఊపిరి బిగపట్టినట్టు నిలబడి ఉంది.

"అది తప్పు వదినా" అన్నాడు సున్నాలాయన.

"ఏది?"

"ఊపిరి. అంతసేపు లేదు."

"సినిమాలో ఉందిగా!"

"నేను పెట్టించాను. దాని చేత పెట్టించాను." గొంతు పెద్దదేం కాదు, పెద్దమ్మ చెవి ఇటు తిప్పింది. "ఆ రోజు రెండు కాకముందే దుప్పటి ఆగిపోయింది. నేను తిరిగి చూశాను. ఆగిందని నాకు తెలిసింది. పదకొండు కాగితాలు మిగిలాయి. అవయ్యాక లేద్దామని ఇటు తిరిగి కూచున్నాను. అవి అయ్యేసరికి అమ్మాయి వచ్చింది. అది ఆలస్యం చెయ్యలేదు."

తరవాతి సినిమా పెట్టబోతున్న గ్రంథాలయం ఆయన చేతులు అలాగే ఆపేశాడు. పెద్దమ్మ మరిది ముఖంలోకి చూసింది, మాట వినపడలేదేమోనన్నట్టు. వినపడింది. చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని దాని గొళ్ళెం వేసింది, తీసింది, వేసింది.

"నాకెందుకు చెప్పలేదే నువ్వు?" అంది. మరిదిని కాదు, కూతురిని.

"ఎవరడిగారు పెద్దమ్మా?"

పెద్దమ్మ లేచింది. మెట్లు దిగేటప్పుడు పట్టుకోమని ఎవరినీ పిలవలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం చాలాసేపు వినిపించింది.

మిగతా సినిమాలు వేశారు. సున్నాలాయన కుర్చీలోంచి లేవలేదు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ కూచోలేదు. అన్నీ అయ్యాక మనుషులు ఆయన మోకాళ్ళు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు. అప్పుడు కూతురు వచ్చి ముందు నిలబడింది. ఆయన తలెత్తాడు.

"వేళకి చెప్పలేకపోయాను" అన్నాడు.

"సినిమా అయిపోయింది నాన్నా. అందరూ చూసేశారు."

"మొదట వేసిందే సరి. అది... అది బాగుందమ్మాయీ."

"నోటిమాట చెల్లదుగా."

ఆయన జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు. ఎర్ర పెన్సిల్ తీశాడు. మోకాలి మీద పెట్టుకుని నడిమి గడిలో 'ఊపిరి పెట్టించడం' అని రాశాడు. మూడో గడి దగ్గర ఆగాడు. ఆ గడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎందరినో రాశాడు. ఆర్టిస్టు అని, కెమెరా అని, రంగులవాడు అని, కాగితం చెమ్మగిల్లిన ఏడాది వాన అని కూడా రాశాడు. ఇప్పుడు 'చెకర్' అని రాశాడు. ఆ మాట ఆ గడిలో రాయడం అదే మొదలు. అక్షరాలు గడి దాటిపోయాయి.

కూతురు పుస్తకం అందుకుని చదివింది. తిరిగి ఇచ్చింది.

"ఫ్రేము వెయ్యలేదు."

ఆయన వేశాడు. 2113.

ఆమె పుస్తకంలోంచి ఆ చీటీ చింపుకుని, మడిచి సంచిలో వేసుకుంది. ముప్ఫై ఎనిమిది చీటీల దారం బయటికి తీసి ఆయన పక్క కుర్చీలో పెట్టింది. గ్రంథాలయం ఆయన కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నాడు. కిటికీల గుడ్డలు విప్పేశారు. ఎండ నేల మీద పడింది.

మెట్ల దగ్గరికి చేరుతుండగా ఆయన పిలిచాడు.

"ఇంటికి ఎప్పుడొస్తావు?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"ఆలస్యమవుతుంది నాన్నా" అని దిగిపోయింది.